విశాఖ బండిలో వచ్చిన సొర

విశాఖ బండి ఆ రోజు ఉదయం పదీ నలభైకి బిలాస్‌పూర్ వచ్చింది. కాస్త ఆలస్యం. నేను రైల్వే కంట్రోల్ ఆఫీసులో బళ్ల రాకపోకలు చూస్తూ రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఏ బండి ఎంత ఆలస్యమైనా నన్నడిగేవాళ్లు లేరు. అయినా బండి ఆగగానే చూపు గడియారం మీదకి వెళ్తుంది.

ఏసీ బోగీ అటెండెంటు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మా వైపు మనిషే, పలాస దగ్గర ఊరు. నన్ను చూడగానే కాలితో ఒక మూటని తలుపు దాకా తోశాడు.

"బేగి తీసుకోండి బాబూ. రాత్రంతా దుప్పట్ల అలమర్లో దాచేను. టీటీ వచ్చి, ఏటిరా, బోగీలో ఎవుడైనా సచ్చిపోయాడేటి అని అడిగేడు."

తన మాటకి తనే నవ్వి, నా మొహం చూసి ఆగిపోయాడు. మా ఆవిడ పోయిందని అతనికి తెలుసు. ఇన్నేళ్లూ ఈ మూట కోసం స్టేషన్‌కి వచ్చింది ఆవిడే. వచ్చేటప్పుడు డబ్బాలో అతనికి ఇడ్లీలో, ఉప్మానో తెచ్చేది. నేను ఖాళీ చేతుల్తో వెళ్లానని అప్పుడు గుర్తొచ్చింది. టీ తాగమని అడిగాను. బండి కదులుతుంది బాబూ అన్నాడు.

మూటలో ఉన్నది ఎండు సొరచేప. ఆవిడ పిన్ని శ్రీకాకుళం తీరం నుంచి పంపింది. చనిపోయే ముందు ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోన్ చేసి మా ఆవిడే చెప్పి పెట్టింది, మా అమ్మాయి కాన్పు కోసం. అమ్మాయి నెలలు నిండి ఇంట్లో ఉంది. అమ్మాయి చేసే పని, సొరల్ని చావకుండా చూడటం. తల్లి ఆఖరిసారిగా పంపించిన ఈ వస్తువుని తన ముందు ఎలా పెట్టాలో తెలియక, ఆటో ఎక్కకుండా మూటని భుజాన వేసుకుని బుధవారీ బజార్ మీదుగా నడిచి వెళ్లాను.

మా వాళ్లు రైల్వే పని కోసం ఆ తీరం వదిలి ఇక్కడికి వచ్చారు. మా తాత ఖలాసీ, నాన్న షెడ్‌లో ఫిట్టరు, నేను ఆఫీసు. మూడు తరాల్లో చాలా పోయాయి. మా అన్నదమ్ముల పిల్లలకి తెలుగు చదవడం రాదు. పెళ్లిళ్లలో హిందీ పాటలే. సముద్రం చూడని వాళ్లు సగం మంది. కానీ ఒక్క సంగతి మాత్రం ఎవరూ మానలేదు. ఇంట్లో ఎవరికైనా కాన్పయితే బాలింతకి సొర పెట్టాలి. పాలసొర. పెద్దగా పెరగని జాతి. అది తింటే పాలు పడతాయని నమ్మకం. బిలాస్‌పూర్ బజార్లో రోహూ, కట్లా దొరుకుతాయి. పాలసొర దొరకదు. అది విశాఖ బండిలో రావాలి.

మా ఆవిడ పెళ్లయి ఆ తీరం నుంచి నేరుగా ఇక్కడికి వచ్చింది. కాలనీలో తెలుగువాళ్ల ఇంట్లో ఎక్కడ కాన్పయినా, ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు మా తలుపు తట్టేవారు. మేడ మీద రేకు పెట్టెలో ఆవిడ దగ్గర ఎప్పుడూ సొర ఉండేది. వేడి నీళ్లలో నానబెట్టి, ఉప్పు పోయేదాకా నీళ్లు మార్చి, గరుకు కాగితంలాంటి ఆ తోలు గీకేసి, ఉడకబెట్టి, చేత్తో పొడిపొడిగా చిదిమి, ఒలిచిన వెల్లుల్లి గుప్పెళ్లతో పోసి వేపేది. వీధి వీధంతా వాసన. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలావిడ గోడ మీద నుంచి తల పెట్టి, "కా రాంధత్ హస్ దీదీ?" అని అడిగేది. ఏం వండుతున్నావని. అడగడం కోసం కాదు, కిటికీ మూయమని చెప్పడానికి. ఆ ముసలావిడ కోడలు కాన్పయినప్పుడు, ఆవిడే గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజు మా ఆవిడ ముందు కిటికీ తెరిచి, తర్వాత వండింది.

ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లు అన్నపూర్ణ అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. నేను పుస్తకాలు చదివేవాణ్ణి. చావు గురించి అందంగా రాసినవి ఈ మధ్య పక్కన పెట్టేశాను. మా ఆవిడ అన్నపూర్ణ కాదు. బాలింతకి సొర తీసుకెళ్లి, ఆ పిల్ల తింటున్నంత సేపూ పక్కన కూర్చుని, అత్తగారి మీద చెప్పే చాడీలు విని, వచ్చి నాకు చెప్పి నవ్వేది. ఆ ఇళ్లలో మొదటి నెల ఆ బాలింతలకి మాట్లాడుకోవడానికి ఆవిడ తప్ప మనిషి ఉండేది కాదు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి, ఇక్కడే జువాలజీ చదివి, సముద్రజీవుల చదువని విశాఖ వెళ్లింది. ఆ చదువయ్యాక కొన్ని నెలలు దక్షిణాఫ్రికాలో ఒక పడవ మీద పనిచేసింది. టూరిస్టుల్ని ఇనప బోనులో నీళ్లలోకి దింపి సొరల్ని చూపించే పడవ. మొదటిసారి వీడియో కాల్‌లో చెప్పినప్పుడు మా ఆవిడ కూర తరుగుతోంది.

"బోనా? సొరనేటే, బోన్లో పెట్టీసేరా?"

"కాదమ్మా, మనల్ని."

"మనల్నా! మరి సొర?"

"బయటే తిరుగుతుంది."

"అచ్ఛా. అంటే దానికి మనల్ని సూపిస్తారన్నమాట. టికెట్టు అది కొనుక్కుంటాదా?"

అమ్మాయి నవ్వు ఆపుకోలేక ఫోన్ కింద పెట్టేసింది. కాలనీలో కొన్నాళ్లు అదే మాట. మీ అమ్మాయి జూలో చేరిందట కదా, ఏ జంతువుగా, అని.

ఆ పని ఎలా ఉంటుందో తర్వాత తీరిగ్గా చెప్పింది. బోను పడవ పక్కకి కట్టి ఉంటుంది. పై భాగం నీళ్ల పైకి తేలుతుంది. ఒళ్లంతా రబ్బరు బట్టలు, కళ్లకి అద్దాలు. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా, పచ్చగా ఉంటాయి. పడవ మీద ఉన్నవాడు చేపనూనె, చేప రక్తం నీళ్లలో పోస్తూ, తాడుకి పెద్ద చేప తలకాయ కట్టి విసురుతూ ఉంటాడు. సొర కనపడగానే అరుస్తాడు. బోనులో వాళ్లు ఊపిరి బిగబట్టి కిందకి మునగాలి. అక్కడికి ఒకప్పుడు పెద్ద తెల్ల సొరలు వచ్చేవట. తను వెళ్లేసరికి అవి రావడం చాలా తగ్గిపోయింది. రాగి రంగువి వచ్చేవి. కొన్ని రోజులు ఏదీ రాదు. జనం ఖాళీ నీళ్లు చూసి, వణుక్కుంటూ, కోపంగా ఒడ్డుకి వెళ్లేవారు.

ఒకరోజు తను బోనులో ఉండగా ఒకటి చాలా దగ్గరగా వచ్చిందట. తాడు మీదకి వెళ్లలేదు. బోను పక్కనుంచి మెల్లగా పోయింది. దాని దవడకి పాత గాలం గుచ్చుకుని ఉంది. తుప్పు పట్టింది. దాని వెనక నైలాను తాడు ముక్క ఈడ్చుకుంటూ వస్తోంది. చెయ్యి చాపితే ఆ తాడు అందేది, కానీ చెయ్యి బయట పెట్టకూడదు. అది వెళ్లిపోయింది. పైకి వచ్చాక టూరిస్టులు చప్పట్లు కొట్టారట.

ఆ పడవవాళ్లు సొరల్ని కాపాడుతున్నారో, వాడుకుంటున్నారో తనకి చివరిదాకా తేలలేదని చెప్పింది. టికెట్ల మీద బతికేవాళ్లు కాబట్టి సొర బతికుండాలని కోరుకునేవారు. ఆ మాటా నిజమే. నూనె పోసి దాన్ని రోజూ మోసం చేసేవారు. అదీ నిజమే. ఆ పని ముగించుకుని వచ్చి, వాళ్లమ్మ పుట్టిన తీరంలోనే ఒక చిన్న సంస్థలో చేరింది. తెల్లారేసరికి పడవలు వచ్చే ఒడ్డుకి వెళ్లడం, వలల్లో పడిన సొరల్ని కొలవడం, ఏ జాతివో, ఆడవో మగవో రాసుకోవడం, ప్రాణం ఉన్నవాటిని తిరిగి వదలమని బతిమాలడం. ఆ ఒడ్డు మీదే ఎండుచేపలు అమ్మే మా ఆవిడ పిన్ని, అమ్మాయికి పిన్నమ్మమ్మ, తన మనవరాలి గురించి అందరికీ చెప్పేది: "ఇంత సదువు సదివి సచ్చిన సేపకి జాకెట్టు కొలతలు తీస్తాదమ్మా, మా గుంట."

కిందటి దీపావళికి అమ్మాయి ఇంటికి వచ్చింది. అప్పుడే మా ఎదురింటి కోడలికి రెండో కాన్పయింది. ఎదురింటాయన బోద్రీ కోర్టులో గుమాస్తా, తెలుగువాళ్లే. ఆ పిల్ల కోసం మా ఆవిడ వంటింట్లో సొర చిదుముతోంది. అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు."

"సెప్పు. కోపం వచ్చినా సెయ్యి కాళీ నేదు."

"మిగతా చేపలు లక్షల గుడ్లు పెడతాయి. ఇవి అలా కాదమ్మా. కడుపులో మోసి కంటాయి, మనలాగే. రెండో, మూడో, అయిదో. బస్, అంతే. కనడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి. వలలు ఉండేదీ అక్కడే."

మా ఆవిడ చెయ్యి ఆగింది.

"కడుపుతో ఉన్నవాటినేటి పడతారు?"

"కొన్ని నెలల్లో ఎక్కువ అవే. నేను కొలుస్తుంటే కడుపులోంచి పిల్లలు కదులుతూ బయటికి వస్తాయి. తల్లులు పోతున్నాయమ్మా. తల్లులు పోతే ఇంకేం మిగలవు."

"అచ్ఛా," అంది మా ఆవిడ. మళ్లీ సొర చిదమడం మొదలుపెట్టింది. తర్వాత, "మరి నువ్వేటి తాగి పెరిగేవు? సొర తినే ఇచ్చేను నీకు పాలు," అంది.

"అందుకేనేమో వాటి వెంట పడ్డాను."

"ఇదిగో, ఆ ఎదురింటి పిల్ల పొద్దుట్నుంచి కాళీ కడుపుతో ఉంది. ముందది తిన్నీ. తరవాత నీ సొరల సంగతి సూద్దాం."

క్యారియర్ తీసుకుని వెళ్లిపోయింది. తిరిగొచ్చాక ఆ రోజు అత్తగారి చాడీలేవీ నాకు చెప్పలేదు. దీపావళి అయ్యాక కూడా రెండు మూడుసార్లు, దేనికో దానికి మధ్యలో, "నాకెవరూ సెప్పనేదండీ అది," అంది. నేను పేపర్లోంచి తల ఎత్తేలోపు వేరే మాట మొదలుపెట్టేది.

ఈ ఏడు అమ్మాయికి ఏడో నెల నడుస్తుండగా మా ఆవిడకి ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. తీశారు, మళ్లీ చేరింది. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒకసారి నేను మందులు తీసుకుని గదిలోకి వచ్చేసరికి ఫోన్ పెట్టేస్తోంది.

"పిన్నితో మాట్లాడేను. అమ్మాయికి సొర పంపిస్తాది."

"ఇప్పుడా సంగతి ఎందుకు? అయినా తను తింటుందా?"

"తింటాది. తినేలాగే సెప్పేను."

ఎలా చెప్పావని అడగలేదు. ఆయాసంతో ఉన్న మనిషిని మాట్లాడించకూడదని డాక్టరు చెప్పాడు. మూత తీసి నీళ్లిచ్చాను. ఆ వారంలోనే పోయింది.

చావు జరిగిన ఇంట్లో పురుడేమిటని మా వాళ్లలో కొందరన్నారు. అమ్మాయి వినలేదు. మొదటి కాన్పు మా ఇంట్లోనేనని బండెక్కి వచ్చేసింది. అల్లుడు విశాఖ పోర్టులో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి వెళ్తున్నాడు. మిగతా రోజుల్లో ఇంట్లో మేమిద్దరమే. నాకు వంట అన్నం, పప్పు వరకే వచ్చు.

మూట పట్టుకుని ఇంటికి వెళ్లేసరికి అమ్మాయి వరండాలో కుర్చీలో ఉంది. ఎండు సొర వాసన దాచడం ఎవరి వల్లా కాదు. నేను గేటు తియ్యకముందే తనకి తెలిసిపోయింది.

"అమ్మ పంపమందా?"

"అవును. ఆసుపత్రి నుంచి చెప్పిందట. వద్దంటే మేడ మీద పెట్టేస్తాను, తర్వాత ఎవరికైనా..."

"తీసుకురా నాన్నా. చూస్తాను."

పాత పేపరు పరిచి మూట విప్పాను. బస్తా లోపల ప్లాస్టిక్, దాని లోపల పాత చీర ముక్క. లోపల సొరలు. మామూలుగా వచ్చేవాటికంటే చాలా చిన్నవి. జానా బెత్తెడు కూడా లేవు. ఇంత లేతవి నేనెప్పుడూ చూడలేదు. ఎండి వంపు తిరిగిపోయి ఉన్నాయి. వాటిని వీపు వైపు చీల్చి ఎండబెట్టారు, పొట్ట వైపు చీరలేదు.

అమ్మాయి ఒకటి తీసుకుని తిరగేసింది. రెండు ముందు రెక్కల మధ్య వేలు పెట్టి వెలుతురులోకి తిప్పింది. ఇంకొకటి తీసింది. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఒడ్డు మీద ఇలాగే చూస్తుంది కాబోలు అనుకున్నాను.

"ఈ గీత చూడు నాన్నా."

రెక్కల మధ్య చిన్న చీలికలాంటి గుర్తు.

"బొడ్డు. ఇంకా పూడలేదు. ఇవి పుట్టి ఎన్నో రోజులు కాలేదు. కొన్ని ఇంకా పుట్టనైనా పుట్టలేదేమో. కోసి తీసుంటారు."

తను ఫోన్ తీసి పిన్నమ్మమ్మకి చేసింది. స్పీకర్ పెట్టింది. వెనక సముద్రం, జనం కేకలు.

"ఓలమ్మా, ఎలగున్నావే? నొప్పులొచ్చీసేయేటి?"

"ఇంకా లేదు అమ్మమ్మా. మూట అందింది."

"అందిందా! బాగున్నాయా? నీ కోసం పది పడవలు తిరిగేనే. సిన్నయ్యి దొరకవు కదా, అవి పడితే అక్కడే పారేత్తారు, నేదా వొండుకుంటారు. ఏరి ఏరి ఎండబెట్టేను."

"చిన్నవే ఎందుకు అమ్మమ్మా?"

"మీ యమ్మే సెప్పింది కదే. పిన్నీ, పెద్దయ్యి వొద్దు, తల్లిసొరలు అసలొద్దు, కడుపుతో ఉన్నయ్యి పోతన్నాయని నా కూతురు బాధపడతాది, తల్లుల్ని వొదిలీసి సిన్నయ్యే సూసి పంపు, అప్పుడైతే తింటాది అన్నాది. ఊపిరందక ఆగి ఆగి సెప్పింది పాపం. అలాటి మాట కాదంటానేటి నాను?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల మీద పరిచిన పేపరు వైపు చూశాను. తల్లులు పోతే ఇంకేం మిగలవన్న మాటని మా ఆవిడ ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుని, ఆలోచించి, తనకి తెలిసిన లెక్కలో సర్దింది. తల్లుల్ని వదిలెయ్యాలి. కూతురు తినాలి. రెండూ జరగాలంటే పిల్లల్ని పంపాలి. పోయే ముందు ఆ ఏర్పాటు చేసి, ఒక పని అయిందనుకుని కళ్లు మూసుకుంది.

"ఏటే, పలకవు? బాగో నేదా?"

"బాగున్నాయి అమ్మమ్మా. మంచివే పంపావు," అంది అమ్మాయి.

ఫోన్ పెట్టేశాక తను వాటిని మళ్లీ చీరలో చుట్టింది. ఆ చీర మా ఆవిడదే, ఎప్పుడో పిన్నికి ఇచ్చింది. ఆకుపచ్చది. మూటని మేడ మీద రేకు పెట్టెలో పెట్టమంది. పెట్టాను. వారం పాటు మేం ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు.

రైల్వే ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. మూడో రోజుకి ఇంటికి పంపారు. పాలు సరిగ్గా రాలేదు. లేడీ డాక్టరు కంగారు పడొద్దంది, పిల్లని పట్టిస్తూ ఉంటే అవే వస్తాయంది. పిల్లకి ఆ మాట తెలియదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అమ్మాయి మంచం మీద కూర్చుని, పిల్లని ఇటు పట్టీ అటు పట్టీ, తనూ ఏడుస్తోంది. నేను గుమ్మం బయట నిలబడేవాణ్ణి. ఆ గదిలో ఉండవలసిన మనిషి నేను కాదు.

ఎదురింటి గుమాస్తా కోడలు తన చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది.

"మావయ్యగారూ, ఇంట్లో సొర ఉంది కదా, విశాఖ బండిలో వచ్చిందంట కదా. ఏటి, పెట్టెలో పెట్టుకుని పూజ చేస్తున్నారా?"

"తను తినదమ్మా. తన పని నీకు తెలుసు కదా."

"పనీ గినీ తర్వాత. అత్తమ్మ ఉంటే ఇలా ఊరుకునేదా? నాకు రెండు కాన్పులకీ అత్తమ్మే పెట్టింది. కూతురికి మాత్రం దిక్కు లేదా? ఆ పిల్ల ఏడుపు మా ఇంట్లోకి వినిపిస్తోంది."

గది లోపలికి వినపడేలాగే అంది. తను వెళ్లాక నేను లోపలికి వెళ్లాను. అమ్మాయి గోడ వైపు చూస్తూ ఉంది.

"నువ్వేం చెయ్యాల్సిన పని లేదు. డాక్టరు చెప్పింది కదా. కావాలంటే డబ్బా పాలు తెస్తాను," అన్నాను.

ఇటు తిరిగి, "పాల కోసం కాదు నాన్నా," అంది. "సొర తింటే పాలు రావు, నాకు తెలుసు. పాల కోసమైతే తినను."

"మరి?"

"అమ్మ నా మాట విన్నది. నేనే సగం చెప్పి వదిలేశాను. పిల్లల సంగతి చెప్పలేదు. ఆవిడ విన్నంత వరకూ చేసింది." పిల్ల మీద దుప్పటి సర్ది, "వండు. ఒక్కసారి," అంది.

నేను వండాను. తను మంచం మీద నుంచి చెబుతుంటే, నేను వంటింట్లోంచి అడుగుతూ. నీళ్లు మరిగాయా, తోలు ఊడుతోందా, వెల్లుల్లి ఎన్ని పాయలు, ఇంకో పాయ, అమ్మ లెక్కపెట్టేది కాదు. వాటి తోలు గీకడానికి పెద్ద పని పట్టలేదు, అంత లేతవి. ముళ్లు కూడా వేళ్ల మధ్య చిదిమితే మెత్తబడ్డాయి. కిటికీ తెరిచాను. పక్కింటి ముసలావిడ గోడ దగ్గరికి వచ్చింది. ఏమీ అడగలేదు. కొంగుతో ముక్కు కాదు, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

పళ్లెంలో వేడన్నం, సొర పెట్టి ఇచ్చాను. అమ్మాయి మొదటి ముద్ద చాలాసేపు నమిలింది.

"ఉప్పు, నాన్నా. అమ్మ రెండుసార్లు నీళ్లు మార్చేది."

"వదిలెయ్, పోనీ."

"లేదు. నీళ్లియ్యి."

పెట్టినదంతా తింది. ఆపకుండా, ఇష్టం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. నేను మా ఆవిడ కూర్చునే చోట కూర్చున్నాను. అమ్మాయి చెప్పుకోవడానికి అత్తగారి చాడీలు ఏవైనా ఉన్నాయేమోనని అడిగాను. ఆ మాటకి నవ్వింది. తర్వాత చెయ్యి కడుక్కుని, బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. కుళాయి తిప్పి ఉంచింది.

మర్నాడు సాయంత్రానికి పాలు పడ్డాయి. ఎదురింటి పిల్ల వచ్చి, "చూశారా, నేను చెప్పలేదూ," అంది. డాక్టరు కూడా ఇదే మాటంది, వేరే కారణం చెప్పి. మేం ఎవరితోనూ వాదించలేదు.

మూడో నెల వెళ్లాక అమ్మాయి పాపని తీసుకుని తిరిగి వెళ్లింది. మిగిలిన సొరల్ని ఏం చెయ్యమంటావని అడిగితే, చీర మూటతో సహా తనతో తీసుకెళ్లింది. ఈసారి మూట విశాఖ వైపు వెళ్లింది, అదే అటెండెంటు అలమర్లో. అతనికి ఆ వేళ ఇడ్లీలు కొని తీసుకెళ్లాను. ఒడ్డు మీద ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు అమ్మాయి ఇప్పుడు వాటిని చూపిస్తుందట. బొడ్డు గీత ఎక్కడుంటుందో చూపించి, ఇలాటివి పడితే నీళ్లలోకి తిరిగి వెయ్యమని చెబుతుందట. ఇవెక్కడివని వాళ్లు అడుగుతారట. మా అమ్మ పంపిందని చెబుతుందట. పిన్నమ్మమ్మ కూడా ఆ గుంపులో కూర్చుంటుంది. మొదటిసారి విన్న రోజు మధ్యలో లేచి వెళ్లిపోయింది, వారం రోజులు మనవరాలితో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు, "నాకైనా సెప్పుండాల్సింది కదే, ఫోన్‌లో," అంది. ఆ మాట అమ్మాయే నాకు ఫోన్‌లో చెప్పింది.

ఇదంతా జరిగినందువల్ల సముద్రంలో ఒక్క సొరైనా ఎక్కువ బతికిందో లేదో నాకు తెలియదు. తెలుసన్నట్టు రాయడం నాకిష్టం లేదు. మొన్న వ్యాపార్ విహార్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడిపే ఒక తెలుగాయన స్కూటర్ మీద వచ్చాడు. కోడలికి కాన్పయిందని, సొర ఉంటే ఇవ్వమని అడిగాడు. లేదన్నాను. తెప్పించి పెట్టగలరా అన్నాడు. తెప్పించడం లేదన్నాను. కాసేపు నిలబడి, అమ్మగారు ఉంటే ఇలా వెనక్కి పంపేవారు కాదని చెప్పి, విశాఖలో బావమరిదికి ఫోన్ చేసుకుంటూ వెళ్లిపోయాడు. వాళ్లకి ఎక్కడి నుంచో దొరికే ఉంటుంది.

ఆ కోడల్ని చూడ్డానికి వెళ్లాలనిపించింది. ఏం పట్టుకెళ్లాలో తెలియలేదు. చివరికి వెల్లుల్లి కారం కొట్టి, ఒక డబ్బాలో తీసుకెళ్లాను. ఆ పిల్ల తల ముసుగు సర్దుకుని హిందీలో నమస్తే చెప్పింది. కాసేపు కూర్చున్నాను. మగవాణ్ణి, ముసలివాణ్ణి. నాకు ఆ పిల్ల అత్తగారి మీద ఏం చెబుతుంది?

రేకు పెట్టె కడిగి ఎండలో పెట్టాను. వాసన ఇంకా పోలేదు. మా ఇంట్లో ఇప్పుడు సొర వండటం లేదు.